కామాక్షి చదివిన కాంతిసేన

సెక్రటేరియట్ గుమాస్తా భావనారాయణ గారి భార్య కామాక్షికి తన తెలుగంటే మహా గీర. తెనాలి దగ్గర పుట్టి, కర్నూలు మీదుగా, యాభై ఆరులో ఆఫీసు ఫైళ్లతో పాటు హైదరాబాదు చేరిన మనిషి. నాంపల్లిలో అద్దెకు దిగిన కొత్తలో ఇంటివాళ్లు 'జర', 'ఫికర్' అంటుంటే ముక్కున వేలేసుకుంది. ఇదేం తెలుగండీ అని మొగుడి దగ్గర నవ్వుకుంది కూడా. ఆరేళ్లు తిరిగేసరికి, ఇంత పెద్ద ఊళ్లో ఆవిడకు మనసు విప్పి మాట్లాడుకునే మనిషి ఒక్కతే మిగిలింది. ఆ ఇంటి యజమానురాలు శశికళ.

శశికళ కామాక్షి కంటే పదేళ్లు చిన్నది. మొగుడు రామచందర్‌కు సుల్తాన్ బజార్లో బట్టల దుకాణం. ఆ పిల్ల చదువంతా ఉర్దూలో సాగింది. నైజాం రోజుల్లో బడి అంటే అదే. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా అక్షరాలు నేర్పిన వాళ్లు లేరు. అలమర నిండా ఉర్దూ నవలలుండేవి. కామాక్షి రోజూ వాటిని చూస్తూనే ఉండేది, అయినా ఆవిడ లెక్కలో శశికళ చదువురాని పిల్లే. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు మరి!

భావనారాయణ తోటి గుమాస్తా దగ్గర ఒక వారపత్రిక అడిగి తెచ్చేవాడు. సోమవారానికల్లా తిరిగి ఇచ్చెయ్యాలి. అందులో ఒక జానపద సీరియల్ వచ్చేది. కాంతిసేన అని పద్దెనిమిదేళ్ల రాజకుమారి. తండ్రిని రాయిగా మార్చిన మాంత్రికుణ్ణి వెతుక్కుంటూ, ఒంటరిగా గుర్రమెక్కి ఏడు కోటలు దాటాలి. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం కామాక్షి వరండాలో కూర్చుని రాగయుక్తంగా చదివేది. శశికళ ఒళ్లో చేట పెట్టుకుని బియ్యం ఏరుతూ వినేది. కాంతిసేన రెండో కోటలో రాక్షసి జడ కోసి, దాన్నే తాడు చేసుకుని గోడ దిగినప్పుడు, "గిట్లుండాలె ఆడపిల్లంటే!" అని చేట పక్కన పెట్టేసింది.

నాలుగు కోటలు దర్జాగా గడిచాయి. అయిదో కోట వాకిట్లో జయకేతుడనే రాజకుమారుడు ఎదురయ్యాడు. అంతే. నిన్నటిదాకా పులుల్ని అదిలించిన పిల్ల అతని మీసం చూసి కత్తి జారవిడిచింది. పేజీకి రెండుసార్లు సిగ్గుపడింది, ఒకసారి మూర్ఛపోయింది. దారి అతనే చూపించాడు, పొడుపుకథ అతనే విప్పాడు. చెట్టు చాటున నిలబడి నిట్టూర్చడమే ఆమె పని. గురువారం రాత్రి ముందుగా తనకోసం చదువుకుంటున్న కామాక్షికి ఒళ్లు మండిపోయింది. తన కూతురే చెప్పినమాట వినకుండా పోయినంత దుఃఖం వచ్చింది.

ఇది శశికళకు ఎలా చదివి వినిపించేది? ఆ పిల్ల ముఖం చిన్నబోతే తాను చూసి తట్టుకోగలదా? పైగా శుక్రవారాలు ఇక చాలక్కా అంటే తనకు మిగిలేదేముంది? అబద్ధమాడినా అతికినట్టుండాలన్నారు. కామాక్షి కళ్లు అచ్చు మీదే ఆనించి, నోటితో వేరే కథ చెప్పింది. ఆ కథలో కాంతిసేన, "దారి నాకూ తెలుసు, తప్పుకోండి" అని గుర్రాన్ని అదిలించింది. శశికళ పకపకా నవ్వింది. అలా మూడు వారాలు గడిచాయి. కాంతిసేనను కామాక్షే ఆరో కోటా దాటించింది, ఏడో కోటా ఎక్కించింది.

ఆఖరి భాగం వచ్చిన శుక్రవారం శశికళ చేట లేకుండా వచ్చింది. చేతిలో మూడు పాత పత్రికలున్నాయి.

"అక్కా, ఇయ్యాల జర నేను చదువుత," అంది.

"నీకు తెలుగెప్పుడొచ్చింది?"

"మొజంజాహీ మార్కెట్ కాడికెల్లి అబిడ్స్ దాంక దుకాన్ల బోర్డులున్నయి గద. ఉర్దూల ఉంటది, తెలుగుల ఉంటది. ఉర్దూ చదువుకుంట తెలుగు అచ్చరాలు పట్టుకున్న. ఆర్నెల్లు పట్టింది. మీరు వారానికి ఒక్కపారే చదువుతరు, నాకు ఆగబుద్ధి గాలె. మొన్న ఐతారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద గివి దొరికినయి."

శశికళ వేలు పెట్టుకుని, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. కాంతిసేన చేతిలోంచి ఖడ్గము జారినది. నాథా, నాకు దిక్కు మీరే అని అతని పాదములపై వ్రాలినది. అక్కడ ఆగి తలెత్తింది. కామాక్షి తేలు కుట్టిన దొంగలా కూర్చుని ఉంది.

"మీరు చదివింది గిది గాదు గదా అక్కా."

"నువ్వు బాధపడతావనీ..."

"బాధపడితే పడుదు! నేను ఉర్దూల ఎన్ని కితాబులు చదివిన, ఎంతమంది పోరిలు గిట్ల ఖరాబైతుంటే చూసిన. పొయ్యి మీద కూర మాడుతున్నా ఆ రాసినోళ్లతోని మనసుల కొట్లాడిన. గదే గద చదువుడంటే! మీ ఒక్కరికే తెలుగొస్తది, మంచిచెడ్డలు మీకే తెలుస్తయి. మేము మీరు పెట్టింది తినాలె, చెప్పింది వినాలె. గంతేనా?"

ఆరేళ్లలో శశికళ ఆవిడతో గొంతు పెంచడం అదే మొదలు. కామాక్షికి కళ్లనీళ్లు తిరిగాయి. ఆ మాట కాంతిసేన ఒక్కదాని గురించి కాదని తెలుస్తూనే ఉంది. అలమరలోని పుస్తకాలు ఏమిటని ఒక్కనాడైనా అడగలేదని అప్పుడు గుర్తొచ్చి సిగ్గేసింది.

"తప్పయింది శశికళా," అంది.

శశికళ పాత పత్రికలు మడిచి పక్కన పెట్టింది. తర్వాత కొత్త పత్రిక ఆవిడ ఒళ్లో పెట్టింది. "నేను చదివితే పొద్దుగూకుతది. మీరే చదువున్రి. అచ్చుల ఉన్నది ఉన్నట్టు."

కామాక్షి చదివింది. రాగం తియ్యలేదు. మాంత్రికుణ్ణి జయకేతుడే చంపాడు. తండ్రిని జయకేతుడే బతికించాడు. కాంతిసేన స్తంభం చాటు నుంచి చూసింది. పెళ్లయింది. గుర్రం ఏమైందో రాసినాయన చెప్పలేదు.

"ఛీ!" అంది శశికళ. ముఖం ఎర్రబడింది. "ఇన్ని కోటలు ఎక్కించింది గీని కాళ్ల మీద పడేయనీకేనా? గా రాసినాయనకు ఇంట్ల ఆడోళ్లు లేరా? ఒక్క పోరి కూడా ఎదురు పడలేదా?" లేచి లోపలికి వెళ్లి ఒక పోస్టుకార్డు, కలం తెచ్చుకుంది. "పత్రికోళ్లకు రాస్త. చిరునామా యాడుంది?"

కామాక్షి ఆఖరి పేజీ చూపించింది. "నేను రాసిపెట్టనా?" అన్న మాట ఆపుకోబోయినా ఆవిడ నోట రానే వచ్చింది.

"వద్దక్కా. మీరు రాస్తే మళ్ల మంచిగ చేసి రాస్తరు."

శశికళ నేలమీద బోర్లా పడుకుని రాయడం మొదలుపెట్టింది. అరగంట పట్టింది. ఏం రాస్తోందో కామాక్షి తొంగిచూడలేదు. కింద సంతకం పెడుతుంటే మాత్రం ఉండబట్టలేక, "నా పేరు కూడా వెయ్యవూ?" అంది.

"మీకు నిజంగ కోపమొచ్చిందా?"

"మూడు వారాల నుంచీ మండిపోతున్నాను. ఆ పిల్ల కత్తి జారవిడిచిన రాత్రి అన్నం సయించలేదు."

శశికళ కలం ఆపి ఆవిడ వంక చూసింది. "మరి గప్పుడే గీడికొచ్చి చెప్తే ఇద్దరం కలిసి తిట్టుకుందుము గద అక్కా," అంది. కార్డు కింద ఇంకాస్త చోటు చూసుకుని, కామాక్షి పేరు రాసింది.