ముప్పై ఏళ్ళ పటమూ, మా భజన తాడూ

నా చిన్నప్పుడు నా నోటి నుంచి జారిన ఒక్క మాట మా పేట మైదానాన్ని మింగేసింది. ఈ సంగతి నేను కోపం లేకుండా చెప్పలేను. ఇంత వయసొచ్చింది, ఇకనైనా శాంతంగా ఉండమని మా పిల్లలు అంటూ ఉంటారు. ఉండను. ఎందుకుండాలి?

మారిషస్ నడిబొడ్డున, కాత్ర్ బోర్న్ నుంచి బస్సులో కొంత దూరం పోతే ఒక చిన్న పట్టణం వచ్చేది. పేరు చెప్పను, ఇప్పుడు అక్కడున్నవాళ్ళతో నాకు తగువెందుకు. అప్పటికి ఇంకా బ్రిటిష్ దొరల పాలనే. పట్టణం ఎగువన పూలతోటల మధ్య పెద్ద పెద్ద బంగళాలు, దిగువన మా రేకుల ఇళ్ళు. పొద్దున్నే చెరకు తోటల్లోకి పోయే కూలీలం మేమంతా. ఆ రేకుల ఇళ్ళ మధ్యలో ఉండేది మా మైదానం. ఒక పక్క చేలల్లోంచి ఏరి పోసిన నల్లరాళ్ళ గుట్ట, మరో పక్క సరుగుడు చెట్లు, మధ్యలో పచ్చగడ్డి.

పొద్దున క్రెయోల్ ఆడవాళ్ళు, ఒకప్పటి ఆఫ్రికా బానిసల సంతతి వాళ్ళు, అక్కడ బట్టలు ఆరేసుకునేవారు. మా వెనకింటి ముసల్మాను తాత తన మేకల్ని కట్టేవాడు. సాయంత్రం పిల్లలం బంతాట. పెళ్ళికి పందిరి వేయాలన్నా, శవాన్ని కాసేపు దింపాలన్నా అదే చోటు. పెద్ద తుపాను వచ్చి మా కప్పులు ఎగిరిపోయిన ఏడాది పేట మొత్తం వారం రోజులు ఆ మైదానంలోనే వండుకు తిన్నది. ఎవరి కులం, ఎవరి మతం అని అడిగినవాడు లేడు.

ఏడాదికోసారి అక్కడ మా తెలుగువాళ్ళ రామభజన జరిగేది. నిలువెత్తు దీపస్తంభం మధ్యలో నిలబెట్టి, దాని చుట్టూ గుండ్రంగా పాడుతూ అడుగులు వేసేవాళ్ళం. ఆ గుండ్రం గీయడానికి ఒక కిత్తనార తాడు ఉండేది. ఒక కొస స్తంభం మొదట్లో కట్టి, రెండో కొస పట్టుకుని చుట్టూ తిరుగుతూ సున్నంతో గీత గీసేవారు. గుండ్రంలో భుజాలు భుజాలు రాసుకుంటే, వచ్చే ఏటికి తాడుకు ఇంకో మూర కలిపి ముడి వేసేవారు. మనుషులు తగ్గిన ఏడు కూడా తాడు తగ్గించేవారు కాదు. మలేరియాతో పేటలో సగం ఇళ్ళు చీకటైపోయిన ఏడు కూడా తగ్గించలేదట. పోయినవాళ్ళ చోటు పుట్టబోయేవాళ్ళదని మా పెద్దవాళ్ళ లెక్క.

ఆ తాడు మా పెద్దమ్మ దగ్గర ఉండేది. మా నాన్నకు వదిన. పెదనాన్న పోయాక చెరకు నరికి ఇద్దరు పిల్లల్ని పెంచింది. కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉండేది. ఆమె గొంతు వినిపిస్తే మేకలు కూడా దారి తప్పుకునేవి. కానీ నన్ను ఏనాడూ ఒక్క దెబ్బ వేయలేదు. ఆ రోజు వేసి ఉంటే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను.

మా వాళ్ళకు ఇంకో పట్టింపు ఉండేది. భజనకు ముందు తొమ్మిది రోజులు మైదానంలో ఎవరూ కాలు పెట్టకూడదు. మేకలు లేవు, బట్టలు లేవు, బంతి లేదు. అంచుల వెంట పేడనీళ్ళు చల్లి, పసుపు పూసిన రాళ్ళు పెట్టేవారు. క్రెయోల్ వాళ్ళూ, ముసల్మాను తాతా కూడా మా మాట మన్నించి ఆ తొమ్మిది రోజులు పక్కకు పోయేవారు. మా మైదానం ఏడాది మొత్తంలో ఖాళీగా కనిపించేది ఆ తొమ్మిది రోజులే.

సరిగ్గా ఆ తొమ్మిది రోజుల్లోనే వచ్చాడు పటం గీసే దొర.

పెద్దవాళ్ళందరూ చేలల్లో ఉన్నారు. నాకు పదేళ్ళు. జ్వరం వచ్చి తగ్గి, బడికి పోకుండా ఇంటి ముందు కూర్చున్నాను. దొర మూడుకాళ్ళ యంత్రం ఒకటి దారి పక్కన నిలబెట్టాడు. ఎండకు మొహం కందిపోయి ఉంది, మంచివాడిలాగే ఉన్నాడు. మంచివాడే కూడా, అదే నా ఏడుపు. చెడ్డవాడైతే రాయి విసిరి ఉండేదాన్ని. ఎర్రపూల చెట్టు కొమ్మ విరిగి దారికి అడ్డంగా పడి ఉంటే, దాన్ని మెల్లగా పక్కకు జరిపి పెట్టాడు. తరవాత మైదానంలోకి అడుగు వేయబోయాడు. నేను పరుగెత్తి అడ్డం నిలబడ్డాను. బళ్ళో నేర్చుకున్న మర్యాదంతా కూడగట్టుకుని, దీవిలో అందరూ మాట్లాడే క్రెయోల్ భాషలో "పెర్సోన్ పా వినీ ఇసీ, మిస్యే" అన్నాను. ఇక్కడికి ఎవరూ రారు, దొరా అని.

"ఎవరూ రారా? ఆడుకోరా?" అని వచ్చీరాని క్రెయోల్లో అడిగాడు.

"ఎవరూ రారు. ఎవరూ తొక్కరు" అన్నాను, ఛాతీ విరుచుకుని. మా భజన మట్టిని కాపాడేశానని నా గొప్ప.

అతను టోపీ తీసి నాకు దణ్ణం పెట్టినట్టు వంగి, చిన్న పుస్తకంలో ఏదో రాసుకుని వెళ్ళిపోయాడు. సాయంత్రం పెద్దమ్మకు చెబితే ఆమె కూడా మెచ్చుకుంది. ఒక బెల్లం ముక్క పెట్టింది. ఆ బెల్లం రుచి గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

కొన్ని నెలలకు పట్టణం హాల్లో పెద్ద పటం ఒకటి వేలాడదీశారు. ముప్పై ఏళ్ళ తరవాత పట్టణం ఎలా ఉండాలో, ఉద్యానవనాలు ఎక్కడ, ఆట స్థలాలు ఎక్కడ, మనుషులు గాలి పీల్చుకునే చోట్లు ఎక్కడ, అన్నీ రంగుల్లో గీశారట. అభ్యంతరం ఉన్నవాళ్ళు వచ్చి చెప్పుకోవచ్చని ఇంగ్లీషులో కాగితం అతికించారు. ఇంగ్లీషు వచ్చిన పెద్దవాళ్ళ ఇళ్ళన్నీ ఎగువనే ఉన్నాయి కాబట్టి వాళ్ళు వెళ్ళి చెప్పుకున్నారు. మా పేటకు కబురు ఆఖరి రోజున వచ్చింది, అదీ బంగళాలో బట్టలుతికే ఒక క్రెయోల్ అత్త పుణ్యమా అని. పెద్దమ్మ ఆ రోజు కూలి మానేసింది. మంచి చీర కట్టింది. తాడు మొత్తం చుట్ట చుట్టి భుజాన వేసుకుంది. బళ్ళో ఇంగ్లీషు నేర్చుకుంటున్న నా చెయ్యి పట్టుకుంది.

హాల్లో ఆ దొరే కూర్చుని ఉన్నాడు. పటం ముందు నిలబడి మా పేట ఎక్కడుందో నన్ను వెతకమంది పెద్దమ్మ. వెతికాను. ఎగువన బంగళాల మధ్య ఆకుపచ్చ రంగు ముద్దలు ముద్దలుగా ఉంది. పెద్ద ఉద్యానవనం, అందులో నీటి ఫౌంటెన్ బొమ్మ కూడా. మా మైదానం బూడిద రంగులో ఉంది. దాని మీద బస్సుల స్టేషను, గోదాములు. కింద చిన్న అక్షరాల్లో ఒక మాట. నేను చదివి చెప్పాను: వాడకంలో లేని ఖాళీ స్థలం.

"ఎవడు చెప్పాడు వీడికి?" అంది పెద్దమ్మ.

దొర నన్ను గుర్తుపట్టాడు. నవ్వుతూ తన చిన్న పుస్తకం తెరిచి, ఈ పాపే చెప్పింది అన్నాడు.

హాల్లో ఉన్న నలుగురూ నా వైపు చూశారు. పెద్దమ్మ మాత్రం నా వైపు చూడలేదు, నా చెయ్యి వదల్లేదు. క్రెయోల్లో దొరతో మాట్లాడసాగింది, అతనికి క్రెయోల్ అంతంతమాత్రం కాబట్టి ఇంగ్లీషులో చెప్పమని నాకు సైగ చేసింది.

"పిల్ల అబద్ధం చెప్పలేదు. నువ్వొచ్చిన రోజు తప్పు. ఒక్క పూట చూసి ముప్పై ఏళ్ళు గీశావా? సిగ్గు లేదూ?"

మర్యాదగా పిలవడం అప్పుడే మానేసింది. నాకు భయం వేసింది. "దొరగారు దయచేసి ఇంకోసారి వచ్చి చూడాలని మా పెద్దమ్మ కోరుతోంది" అని చెప్పాను. దొర తల ఊపి చక్కగా నవ్వాడు.

పెద్దమ్మ నా వైపు తిరిగింది. "నేనన్న మాటలో నవ్వొచ్చేది ఏం లేదు. వాడు నవ్వాడంటే నువ్వు మార్చేశావన్నమాట. నా మాట చల్లార్చకు పిల్లా. వేడిగానే చెప్పు."

వేడిగానే చెప్పాను. సిగ్గు లేదూ అన్నది కూడా చెప్పాను. కళ్ళల్లో నీళ్ళు వచ్చాయి, కానీ ఒక్క మాట మింగలేదు. దొర నవ్వడం మానేశాడు. అప్పుడు పెద్దమ్మ భుజాన ఉన్న తాడు తీసి బల్ల మీద, అతని కాగితాల మీద దబ్బున పడేసింది. ముడి ముడీ చూపించింది. ఇది మా అత్త పేనిన తాడు, ఈ ముడి నా పెళ్ళైన ఏడు, ఈ ముడి ఈ పిల్ల మొదటిసారి అడుగు కలిపిన ఏడు. మీరు ఇవాళ లేచి ముప్పై ఏళ్ళ గురించి ఆలోచిస్తున్నారు, మేము నలభై ఏళ్ళ నుంచి ఆలోచిస్తూనే ఉన్నాం, పుట్టనివాళ్ళకి కూడా చోటు కొలిచి పెట్టాం, మీ పటంలో పుట్టనివాళ్ళు ఎగువ బంగళాల్లోనే పుడతారా అని అడిగింది. అంతా నేను చెప్పాను. ఆఖరి మాట చెప్పేటప్పటికి నాకూ కోపం వచ్చేసింది, ఇక ఏడుపు రాలేదు.

దొర తాడును కాగితాల మీంచి మెల్లగా పక్కకు జరిపాడు. తప్పు జరిగిందని ఒప్పుకున్నాడు కూడా. కానీ పటం పై అధికారులు చూసేశారని, ఇప్పుడు మొత్తం మార్చడం కుదరదని అన్నాడు. పెన్సిలు తీసి, బూడిద రంగు మూలన ఒక చిన్న పలకంత చోటు గీసి, దాన్ని ఆకుపచ్చగా రుద్దాడు. మీకూ ఒక పార్కు అన్నాడు. బిచ్చం! మా మైదానంలోంచి మాకే బిచ్చం!

ఇంటికి నడిచి వస్తూ నేను తప్పు చేశానని ఏడ్చాను. "ఆ తప్పు అందరిదీ. ఖాళీగా ఉంచిన చోటు ఖాళీ చోటు కాదని వాడికి తెలియదు. మనం చెప్పలేదు. చెప్పే చోటికి మనల్ని పిలవలేదు" అంది పెద్దమ్మ. ఇంటికొచ్చాక ఆమె పిండిన చీర కొంగు చూసి తెలిసింది, దారంతా ఆమె కూడా ఏడ్చిందని.

తరవాత స్వాతంత్ర్యం వచ్చింది. కొత్త జెండా కట్టాం, మిఠాయిలు పంచాం. హాల్లో కుర్చీలో దొర పోయి మన దీవిలోనే పుట్టిన మనవాడు ఒకడు కూర్చున్నాడు. మా పెద్దమ్మ మళ్ళీ తాడు భుజాన వేసుకుని వెళ్ళింది, ఇప్పుడైనా పటం మారుతుందని. మనవాడు కుర్చీ వేసి కూర్చోబెట్టి, టీ ఇప్పించి, పటం ఆమోదమైపోయింది అత్తా, ఏం చేయలేం అన్నాడు. దొర చెప్పిన మాటే, కాకపోతే క్రెయోల్లో. దొర మీదకంటే వీడి మీద నాకు ఎక్కువ కోపం వచ్చింది.

బస్సుల స్టేషను లేచింది. మూలన, రోడ్డు వెంట పొడుగ్గా ఉన్న పలకంత పార్కు చుట్టూ రెండు గేట్లతో ఇనప కంచె వేశారు, గడ్డి తొక్కరాదని బోర్డు పెట్టారు. ఆ ఏడు భజన రోజున, ఇంకా పొద్దు ఉండగానే, పెద్దమ్మ దీపస్తంభం ఆ పార్కు మధ్యలో నిలబెట్టించి తాడు కట్టింది. తాడు కంచె దాటి, దారి దాటి, బస్సులు ఆగే చోటి దాకా పోయింది. తాడు మడిచి సగానికి కట్టుకుందామని పేట పెద్దలు కొందరు అన్నారు. మనవాడు కూడా పరుగెత్తుకొచ్చి, కాస్త కోసుకో అత్తా అని బతిమాలాడు.

"తాడు కోయను. నీ కంచె జరుపు" అంది.

సున్నపు గీత కంచె మీంచి, తారు రోడ్డు మీంచి, బస్సుల ముందు నుంచి గీయించింది. మేము గేటులోంచి బయటికి వచ్చి, రోడ్డు మీద పాడుతూ తిరిగి, మళ్ళీ రెండో గేటులోంచి లోపలికి పోయాం. బస్సులు ఆగిపోయాయి. డ్రైవరు ఒకడు హారను మోగించబోతే, బట్టలుతికే క్రెయోల్ అత్త బస్సు ముందు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. ముసల్మాను తాత తన కొడుకుల్ని పిలుచుకొచ్చి ఆమె పక్కన నిలబెట్టాడు. భజన అయ్యేదాకా ఒక్క బస్సు కదల్లేదు. కంచె మాత్రం జరపలేదు. ఏ ఏడూ జరపలేదు.

పెద్దమ్మ పోయి చాలా కాలమైంది. తాడు నా దగ్గరకొచ్చింది. భజనలో మనుషులు పెరిగిన ఏడు మూర కలుపుతూనే ఉన్నాను. గీయడానికి చోటు లేదని తెలుసు. కలుపుతాను.

మొన్న మళ్ళీ కొత్త పటం పెట్టారు. మిగిలిన ఆ పలకంత పార్కు కూడా కార్లు నిలిపే చోటవుతుందట. ఎవరూ పెద్దగా వాడడం లేదని కింద రాశారు. గడ్డి తొక్కరాదని బోర్డు పెట్టిందీ వాళ్ళే! అభ్యంతరం రాయమని మా మనవరాలిని కూర్చోబెట్టాను. చదువుకున్న పిల్ల, కంప్యూటరు మీద టకటకా కొట్టి, గౌరవనీయులైన వారికి వినయపూర్వకంగా విన్నవించుకునేది అని మొదలుపెట్టింది. తీసెయ్ అన్నాను. తాడు తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టి, ఒక్కో ముడీ పట్టుకుని నేను చెబుతుంటే రాయమన్నాను. రాసింది. రాసి పైనుంచి కిందికి చదువుకుని, మొహం ఎర్రబడి నా వైపు చూసింది.

"అవ్వా, ఇలా పంపితే వాళ్ళకు కోపం రాదూ? కాస్త మెత్తగా మార్చనా?"

పదేళ్ళ నా గొంతే అది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను, పెద్దమ్మ పట్టుకున్నంత గట్టిగా.

"చల్లార్చకు పిల్లా. అలాగే పంపు."