జుమ్వా ఏడవలేదు

మా జుమ్వా అక్కకు నోరెక్కువ, కన్నీళ్లు తక్కువ. సముద్రం ఒడ్డున మా మలిందీ ఊరి బస్సుల అడ్డాలో ఇద్దరం పక్కపక్కనే పొయ్యిలు పెట్టుకుని, పొద్దున్నే మహామ్రీ బూరెలు వేయించి, కొబ్బరిపాలలో ఉడికించిన కందులతో అమ్ముతాం. మహామ్రీ పొంగకపోతే పిండిని తిడుతుంది, పొంగితే కొనేవాణ్ణి తిడుతుంది. అయినా జనం నన్ను దాటుకుని ఆమె దగ్గరికే పోతారు. అది వేరే కడుపుమంట.

ఆమె కూతురు దామా, తన కొడుకు బయాను చంకనేసుకుని ఒక పాస్టరు వెంట అడవిలోకి వెళ్లిపోయింది. కడుపు మాడ్చుకుంటే దేవుడు కనిపిస్తాడని ఆయన చెప్పాడట. చేపల వేటకు వెళ్లిన మొగుడు సముద్రంలో పోయినప్పటినుంచీ ఆ పిల్ల, ఎవరు మెత్తగా మాట్లాడినా వాళ్ల వెంట నడిచేది. బయాది తాత పేరు. అందుకని జుమ్వా వాణ్ణి "నా మొగుడు" అని పిలిచి మురిసిపోయేది. వాళ్లకోసం అడవి అంచుదాకా పోయింది కూడా. కాపలావాళ్లు లోపలికి అడుగు పెట్టనివ్వలేదు.

తర్వాత పోలీసులు ఆ అడవిని తవ్వారు. ఎన్ని శవాలు బయటపడ్డాయో చెప్పడానికి నాకు నోరు రాదు. తవ్వేవాళ్ల వెనకే కెమెరాలు దిగాయి. తల్లి ఇంకా చూడని బిడ్డ శవాన్ని లోకమంతా ఫోన్లలో చూసి, కింద పూల బొమ్మలు పెట్టి, తర్వాతి వీడియోకి పోయింది. చూస్తుంటే నాకు ఒళ్లు మండిపోయేది.

కొందరు కొనప్రాణంతో దొరికారు. వాళ్లను తలో ఆసుపత్రిలో పెట్టారు. పాస్టరు మాట మీద ఉన్న ఆ పిచ్చివాళ్లు పేర్లు చెప్పరు, తిండి ముట్టరు. దామా వాళ్లలో ఉందో, మట్టిలో ఉందో తెలియదు. ఫోటో నలుగురి కంటా పడితే ఆచూకీ దొరుకుతుందని జుమ్వా ఆశ.

నైరోబీ నుంచి ముటువా అని యూట్యూబు చానెల్ నడిపే మనిషి వచ్చాడు. జుమ్వా మరిది ఫోండోనే తీసుకొచ్చాడు.

"అమ్మా, ఒక్కసారి ఏడిస్తే చాలు. చూసేవాళ్లు ఆగుతారు. మీ అమ్మాయి ఫోటో ఊరూరా తిరుగుతుంది," అన్నాడు ముటువా.

"ఏడవకపోతే తిరగదా?"

"తిరగదమ్మా. మిగతా అమ్మలంతా ఏడ్చారు, లక్షలమంది చూశారు."

"వాళ్ల ఏడుపు వాళ్లిష్టం నాయనా. నాకు కబురు రాలేదు."

చావు కబురు ఎవరైనా ఎదురుగా వచ్చి నోటితో చెప్పేదాకా శోకం ఎత్తకూడదని మా ఇళ్లలో పట్టింపు. ముందే ఎత్తితే, బతికున్న మనిషికి మనమే తలుపు మూసినట్టు. చదువుకున్నవాళ్లు నవ్వుతారు, నవ్వనీ.

ఫోండో బతిమాలాడు. "ఊరికే నటించు వదినా. దేవుడికి తెలుసులే."

"దేవుడికి తెలుస్తుంది సరే, దామాకెలా తెలుస్తుందిరా?"

కెమెరా ముందు కూర్చుని పొడి కళ్లతోనే మాట్లాడింది. "దామా, పొయ్యి ఆర్పలేదే. నీకు ఆకలైతే రా. బయాకు ఆకలైతే వాణ్ణి తీసుకురా." అంతే.

సాయంత్రానికి ఆ వీడియో కింద తిట్ల వాన. రాతిగుండె అన్నారు. కూతుర్ని పాస్టరుకు అమ్ముకుందన్నారు. ఈమే ఆ గుంపుకు మనుషుల్ని చేర్చిందని ఎవడో రాస్తే, మర్నాడు అడ్డాలో వ్యాన్ల డ్రైవర్లు ఆమె పొయ్యి వైపు రావడం మానేశారు. ఒకడు ఆమె బేసిన్ పక్కనే ఉమ్మేశాడు. వాడి ఏడుతరాలనూ కడిగేశాను.

"అరవకే కాద్జో, నీ నూనె మాడుతోంది," అంది జుమ్వా.

అడ్డా ఖాళీ అయ్యాక మాత్రం చేతిలో గరిటె అలాగే పట్టుకుని కూర్చుంది. "నేను తప్పు చేశానంటావా? ఏడ్చుంటే ఫోటో ఇంకాస్త దూరం పోయేదేమో. నా పట్టింపుతో నేనే దాన్ని చంపుకుంటున్నానేమో." ఆమె చెయ్యి పట్టుకున్నాను.

కొన్నాళ్లకు ఒక నర్సు ఫోన్ చేసింది. జావ పోస్తే ఉమ్మేసే ఒకామె, వార్డులో ఎవరిదో ఫోన్‌లో ఆ వీడియో చూసి లాక్కుని "మా అమ్మ" అందట. పొయ్యిల మీద నీళ్లు చల్లి వెళ్లాం.

మంచం మీద దామా ఎముకల గూడులా పడి ఉంది. జుమ్వా నిలబడి చూసింది. కళ్లు పొడిగానే ఉన్నాయి.

"జావ పనికిరాలేదటగా మహారాణికి?"

"ఈ పక్క మంచం ఆమెకు వాళ్లమ్మ ఏడుస్తున్న వీడియో చూపించారమ్మా," అంది దామా. "చూసి, 'ఇంట్లో నన్ను సాగనంపేశారు' అని గోడవైపు తిరిగింది. మళ్లీ ఇటు తిరగలేదు. నువ్వూ ఏడ్చే ఉంటావని భయపడుతూ చూశాను. నువ్వు ఏడవలేదు. అప్పుడు జావ అడిగాను."

జుమ్వా మంచం మీద కూలబడి కూతురి తల ఒళ్లోకి తీసుకుంది. మంచం అటూ ఇటూ, తలుపు వైపూ చూసింది. ఎవరికోసమో నాకు తెలుసు.

దామా తల్లి మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"బయాకోసం ఇప్పుడు ఏడువమ్మా. నా ఒళ్లోనే పోయాడు. కబురు నేనే చెప్తున్నాను."

జుమ్వా భుజాన కప్పుకున్న కంగా గుడ్డ తలమీదికి లాక్కుని శోకం ఎత్తింది. వార్డంతా లేచి కూర్చుంది. ఎదురు మంచం దగ్గర ఎవరో ఫోన్ పైకెత్తారు. నేను వెళ్లి ఆ ఫోన్‌కు అడ్డంగా నిలబడ్డాను.