అక్క పళ్ళ మీద చారలు

తల్లి మరచినా మరువని దేవునికి స్తోత్రం. ఈ ఉదయం వరకు నన్ను నిలబెట్టిన ఆయన కృపను తలచుకుని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మొన్న భీమవరంలో విరిగిన ముందుపన్ను చూపించుకోవడానికి వెళ్తే, డాక్టరమ్మ నమూనా పళ్ళు గుచ్చిన పట్టీ ఒకటి నా పెదవి దగ్గర పెట్టి, "ఇందులో మీ రంగేదో చూద్దామండి" అంది. చీరల కొట్టులోలాగా పళ్ళలోనూ ఇన్ని రంగులా అని నవ్వొచ్చింది. అంతలోనే అక్క గుర్తొచ్చి, తెరిచిన నోరు తెరిచినట్టే ఉండగా కళ్ళ వెంట నీళ్ళు కారాయి. నొప్పేమో అనుకుని పాపం ఆ అమ్మాయి సూదిమందు తీసింది.

మా అక్క ముందుపళ్ళ మీద గోధుమరంగు చారలుండేవి. పసితనంలో విడవకుండా వచ్చిన జ్వరానికి కాంపౌండరు ఇచ్చిన మందు అమ్మ నెలల తరబడి తాగించింది. బిడ్డ బతికింది. తర్వాత వచ్చిన పళ్ళు మాత్రం చారలతోనే వచ్చాయి. అది ఆ మందు వల్లేనని ఎవరో పెద్ద డాక్టరు చెప్పిన రోజు నుంచి అమ్మకు మనశ్శాంతి లేదు. నరసాపురంలో మా ఇంటి వరండాలో లేసు అల్లుకుంటూ, నవ్వొస్తే ఆ లేసుముక్కే నోటికి అడ్డం పెట్టుకునేది అక్క. ఏ ఫొటోలో చూసినా మేమంతా నవ్వుతుంటే ఆమె ఒక్కతే ఫొటోగ్రాఫరు మీద కోపం వచ్చినట్టు పెదవులు బిగించి ఉంటుంది.

మా చర్చి సంఘంలో నెలకోసారి ప్రభువు బల్ల ఆరాధన. ఎవరికైనా అన్యాయం చేసి ఉంటే ముందు వాళ్ళ దగ్గరికి వెళ్ళి క్షమాపణ అడిగి, ఆ తర్వాతే ప్రభువు జ్ఞాపకంగా ఇచ్చే రొట్టె, ద్రాక్షారసం తీసుకోవాలని పెద్దలు నేర్పారు. ఆ ఆదివారం పొద్దున్నే అమ్మ తెల్లచీర కట్టుకుని అక్క ముందు నిలబడేది.

"నీ పళ్ళు పాడుచేశానే అమ్మాయ్, క్షమించవే."

"క్షమించానమ్మా. పోయిన నెలా క్షమించాను. పద, అక్కడ గంట కొట్టేస్తున్నారు."

ఎనభై దాటాక అమ్మకు మతిమరుపు ముదిరింది. అందరినీ మరిచిపోయింది, ఆ చారలను తప్ప. అక్క నోరు తెరిస్తే చాలు, అప్పుడే తెలిసినట్టు ఏడ్చేది. అది చూడలేక అక్క, మనవలు పుట్టిన వయసులో, పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళింది. పంటి రంగులో ఉండే ఫిల్లింగ్ పదార్థాన్ని చారల మీద పలచగా పూసి, నీలం లైటు పెట్టి గట్టిపరిచి, నున్నగా సానబట్టారు. "మరీ తెల్లగా వద్దండి, సంఘంలో నన్ను మానేసి పళ్ళనే పలకరిస్తారు" అని డాక్టరుతో వాదించి మరీ కాస్త పసుపుపచ్చ రంగు ఎంచుకుంది. ఇంటికొచ్చి అమ్మ ఎదుట కూర్చుని, నాకు ఊహ తెలిశాక మొదటిసారి, ఏ అడ్డూ లేకుండా నవ్వింది.

అమ్మ చాలాసేపు చూసి, "ఏ ఊరండి మీది?" అంది.

అమ్మ నడవలేకపోతోందని ఆ నెల పాస్టరు గారు బల్ల రొట్టె, ద్రాక్షారసం ఇంటికే తెచ్చారు. అమ్మ రొట్టె ముట్టలేదు.

"మా పెద్దమ్మాయి ఇంకా రాలేదండి. దాన్ని అడగాల్సిన మాటొకటుంది."

అక్క మోకాళ్ళ మీద కూర్చుని, "నేనే అమ్మా పెద్దమ్మాయిని. క్షమించానమ్మా" అంది. అమ్మ ఆమె గడ్డం పట్టుకుని పళ్ళు పరీక్షగా చూసి, మర్యాదగా నవ్వింది.

"మీ పళ్ళు బాగున్నాయి కదండీ. మీకు నేనేం అపకారం చెయ్యలేదు. చేసింది మా పిల్లకి."

పాస్టరు గారు ఎంత చెప్పినా వినలేదు. ఆయన గిన్నె మీద మూత పెట్టుకుని వెళ్ళిపోయారు. మరుసటి నెలా అంతే. ఆ పూత తీసెయ్యమని అక్క మళ్ళీ డాక్టరు దగ్గరికి పరుగెత్తింది. తీయించుకోవలసిన రోజు రాకముందే అమ్మ వెళ్ళిపోయింది, గుమ్మం వైపు చూస్తూనే.

ఆనాటి నుంచి అక్క ఆరాధనకు వస్తుంది, పాటలు పాడుతుంది, బల్ల వేళకు మాత్రం లేచి బయటికి వెళ్ళిపోతుంది. "అమ్మకి దక్కకుండా చేసింది నేనే కదే" అంటుంది. ఆ మాటకు వాక్యంలో జవాబు నాకు తెలుసు. ఆమె ముఖం చూసి, తెరిచిన బైబిలు మళ్ళీ మూసేస్తాను.

ఇది చదివిన మీరు కూడా, మా అక్క మళ్ళీ బల్ల దగ్గరికి వచ్చేలా నాతో కలిసి ప్రార్థించండి. మేమిద్దరం ముసలివాళ్ళమయ్యాం. మాకింకా ఎన్ని ఆదివారాలు మిగిలాయో ఇచ్చేవాడికే తెలుసు.