నాన్నమ్మ నేర్పిన షోప్పా

స్కాట్లాండులోని పేస్లీలో చేపలూ బంగాళాదుంపలూ వేయించి అమ్మే ఎలిసేయో కాస్టెల్వెక్కి ఇటలీ నుంచి వలసొచ్చినవాళ్ల బిడ్డ. అతనికి లోకం మీద నమ్మకం తక్కువ. చేపలవాడు తెచ్చిన ప్రతి పెట్టెనూ వాసన చూస్తాడు. కూతురు నెల్లా తన నలభై ఒకటో ఏట గ్లాస్గో యూనివర్సిటీలో చేరి, ఇటాలియన్నూ తత్వశాస్త్రాన్నీ కలిపి చదువుతానంటే ఆమెనూ అలాగే చూశాడు.

“ఇంట్లో ఉన్న భాషకి కాలేజీ ఎందుకే? దీని వెనకాల ఏదో ఉంది. ఆ రెండోదాంట్లో ఏం చెప్తారు?”

“దేన్నీ ఊరికే నమ్మకూడదన్నది మొదటి పాఠం.”

“అది నేను రోజూ చేసేదే. దానికి బస్సెక్కి పోవాలా?”

నెల్లాకి తండ్రి పోలికే వచ్చింది. ఇటాలియన్ చెప్పే మెక్రే తన వంక అదోలా చూస్తున్నాడని రెండో వారానికే కనిపెట్టింది. అది కొత్తగా మొదలుపెట్టేవాళ్ల క్లాసు. చదవడం, రాయడం రావు కనుక ఆమెను అందులో వేశారు. ఆమెకు ఉన్నవల్లా నాన్నమ్మ దగ్గర చెవిన పడ్డ మాటలే. కానీ నోరు విప్పితే యాస అచ్చంగా ఇటలీ కొండపల్లెది. అన్నీ వచ్చి రానట్టు నటిస్తోందని, తేరగా మార్కులు కొట్టేయడానికే చేరిందని మెక్రే అనుమానం.

నవంబరులో గదికి పిలిచాడు.

“పది నిమిషాలు ఇటాలియన్‌లో మాట్లాడండి, మిస్ కాస్టెల్వెక్కి. భాష వచ్చని తేలితే ఈ క్లాసులో ఉంచలేను. పై క్లాసేమో మీ తత్వశాస్త్రం వేళకే ఉంది. రెండిట్లో ఒకటి వదులుకోవాలి.”

నెల్లాకి ఒళ్లు మండింది. కావాలని తప్పులు మాట్లాడదామా అనుకుంది. అప్పుడు అతని అనుమానం నిజమే అవుతుందని మానుకుంది. నోటికి వచ్చింది వచ్చినట్టే చెప్పింది: మా నాన్నకి షోప్పా ఉంది, అందులో ఫిష్షే వేయిస్తాడు, షోప్పాకి బాస్సో ఆయనే.

మెక్రే కలం కింద పెట్టాడు. “షోప్పా అంటే?”

“అంగడి. ఇటాలియన్‌లో అంతే కదా?”

“అది మన ఇంగ్లీషు షాపే. చివర ‘ఆ’ తగిలించారు. ఫిష్షే, బాస్సో కూడా అంతే: ఫిష్, బాస్.” నవ్వు ఆపుకుంటూ ముఖం తుడుచుకున్నాడు. “నాదే పొరపాటు. మీరు ఈ క్లాసులోనే ఉండాలి.”

నెగ్గానన్న సంతోషం మెట్లు దిగేలోపే పోయింది. బస్సులో కూర్చుని నాన్నమ్మ మాటల్ని ఒక్కొక్కటే అనుమానంగా తిప్పి చూసుకుంది. ఏది అక్కడిది, ఏది ఇక్కడ పుట్టింది? పోయిన ముసలమ్మ మీద కోపం వచ్చింది. కోపం వచ్చినందుకు ఏడుపూ వచ్చింది.

సాయంత్రం గిరాకీ తగ్గాక తండ్రికి చెప్పింది.

“ఆ మెక్రే ఎవడు, మన మాటలు మనకి చెప్పడానికి?” అని లేచినవాడు అంతలోనే తగ్గిపోయాడు. నూనెపొయ్యి ఆర్పాడు.

“నాకు ఇరవై రెండేళ్లప్పుడు బాబాయి పెళ్లికని ఇటలీలో మనవాళ్ల పల్లె వెళ్లాను. కనబడ్డవాళ్లందరితో ‘నాకు షోప్పా ఉంది’ అన్నాను. నవ్వేవాళ్లు. నా కొత్త సూటు చూసి కుళ్లుకుంటున్నారనుకున్నాను. మళ్లీ ఆ గడప తొక్కలేదమ్మా. యాభై ఏళ్లయింది.”

నెల్లా పొయ్యి దగ్గరికి వచ్చి తండ్రి పక్కన నిలబడింది.

“అంగడికి అసలు మాటేంటి మరి?” అన్నాడాయన.

“నెగోత్సియో.”

ఎలిసేయో తలుపు వంక చూశాడు. ఎవరూ లేరని తేల్చుకున్నాక “నెగోత్సియో” అన్నాడు, మెల్లగా. కూతురి ముఖంలోకి చూశాడు.

“సరిగ్గా అన్నానా? నవ్వకుండా చెప్పు.”