ఎదురుకోలుకు కొత్త గిటార్

మా పాత గిటార్ రంగు ఎరుపు. ఇప్పుడు చూసినవాళ్ళకు ఆ మాట నమ్మబుద్ధి కాదు. నా పొట్ట ఆనే చోట, మోచెయ్యి రాసుకునే చోట రంగంతా పోయి లోపలి చెక్క బయటపడింది. తెలంగాణ వచ్చిన ఏడాది కొన్నాను. అప్పటినుంచి నల్గొండ చుట్టుపక్కల పెళ్ళి ఊరేగింపుల్లో, వినాయక నిమజ్జనాల్లో, బోనాల్లో ఎండకు ఎండి వానకు తడిసింది. ట్రాలీ ఆటో మీద మైకు సెట్టు, పైన గరాటుల్లాంటి రెండు హారన్లు, ముందు నడుస్తూ నేను. మా బ్యాండులో పాటగాడు లేడు. గొంతు పలకాల్సిన చోటల్లా గిటారే పలకాలి. "పాటగాడేడి?" అని పెళ్ళివారు అడిగితే మా బావ డ్రమ్ము కర్రతో నా మెడలో వేలాడుతున్నదాన్ని చూపించి, "గిదే. అన్నం పెట్టే పని గూడ లేదు," అనేవాడు.

బావ అంటే మా అక్క భర్త. కాపురం హాలియాలో. బ్యాండులో డ్రమ్ము అతనిదే, నోరూ అతనిదే.

నాకు గిటార్ నేర్పింది మాత్రం నల్గొండ గ్రంథాలయం. ఈ మాట గర్వంగానే చెబుతాను. మాది నేత ఇల్లు. మగ్గం వదిలి బట్టల దుకాణంలో పనికి కుదిరాక, మధ్యాహ్నం షట్టరు దించే వేళ అన్నం డబ్బా పట్టుకుని గ్రంథాలయానికి వెళ్ళేవాణ్ణి. అక్కడ అట్ట ఊడిపోయిన ఇంగ్లీషు గిటార్ పుస్తకం ఒకటి ఉండేది. పక్కన నిఘంటువు పెట్టుకుని, ఒక్కో పేజీతో కుస్తీ పడుతూ చదివాను. తీగల కింద ఉండే పికప్ గురించి చదివిన మధ్యాహ్నం ఇంకా గుర్తుంది. అయస్కాంతం చుట్టూ వెంట్రుక కన్నా సన్నని రాగితీగను చుడతారట. పైన గిటార్ తీగ ఊగితే ఆ చుట్టలో కరెంటు పుడుతుందట. ఆ వాక్యం అర్థమవగానే కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. మా అమ్మ రాట్నం మీద చుట్టే కండె లాంటిదే కదా! ఇంటికి పరుగున వెళ్ళి, "అమ్మా, గిటార్ల గూడ కండె ఉంటదే," అన్నాను. "ఉంటే నువ్వే సుట్టుకో. నా రెక్కలు గుంజుతున్నయ్," అంది అమ్మ.

అంత ఇష్టపడి నేర్చుకున్న గిటార్ అక్క కూతురి పెళ్ళి కుదిరిన వేసవిలోనే మొరాయించింది.

పెళ్ళి హాలియాలో. అబ్బాయిది అచ్చంపేట. మగపెళ్ళివారు ఊళ్ళోకి రాగానే ఆడపెళ్ళివారు మేళంతో ఎదురువెళ్ళి తీసుకురావాలి. ఆ ఎదురుకోలు అంటే నాకు పిచ్చి. రెండు వైపుల మేళాలు ఎదురెదురుగా నిలబడతాయి. ఎవరి వాయింపుకు అవతలివాళ్ళ కాళ్ళు ఆడతాయో వాళ్ళదే గెలుపు. ఎవరూ ప్రకటించరు, అందరికీ తెలిసిపోతుంది. మేనకోడలు ఫోను చేసి ముందే మాట తీసుకుంది.

"మామా, అచ్చంపేటోళ్ళు డీజే తెస్తున్రట. నన్నేమో ఇంట్ల కూసోబెడ్తరు. గా మోతల నీ గిటార్ నాకు ఇనొస్తదా?"

"ఇనొస్తది బిడ్డా."

"ఉయ్యాల పాట వాయించాలె మల్ల. అది ఇన్నంకనే గంపల కూసుంట. లేకుంటే నువ్వు ఉత్త గంప మోసుకపో."

పెళ్ళికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మండపానికి మోయడం మేనమామ పని. ఉయ్యాల పాట తన చిన్నప్పుడు నేను వాయించిన బాణీ. అందులో ఒకచోట తీగను పక్కకు లాగి, స్వరాన్ని పైకి ఎక్కించి, అక్కడే నిలిపి ఊపాలి. ఎర్రదాని మెడమీద సరిగ్గా అక్కడే, తీగను అదిమే ఇనుప మెట్టు అరిగి గాడి పడింది. స్వరం పైకి ఎక్కేలోపే గర్రుమని ఆరిపోతోంది. మెడ కూడా మెలి తిరిగింది. రిపేరు చేసే అతనికి ఇస్తే, "ఇగ గోడకు తగిలియ్ అన్నా, ఇంత కష్టపడ్డది పాపం," అన్నాడు అతను. పెళ్ళి దగ్గరపడింది. చేతిలో గిటార్ లేదు. ఇచ్చిన మాట మాత్రం ఉంది.

బావకు మహబూబ్‌నగర్‌లో చుట్టాలున్నారు. పెళ్ళి పత్రికలు పంచడానికి వెళుతూ నన్నూ రమ్మన్నాడు. అక్కడ గిటార్లు అమ్మే దుకాణం పెద్దదని విన్నాడట. నేను ఎర్రదాన్ని కూడా సంచిలో వేసుకున్నాను. కొత్తది అచ్చం దానిలాగే పలకాలి, పక్కపక్కన పెట్టి చూడాలి అనుకున్నాను. బస్సు దేవరకొండ దాటి కల్వకుర్తి వైపు తిరిగేదాకా నేను పికప్‌ల గురించి చెబుతూనే ఉన్నాను. ఒక కండె ఉన్నదాని గొంతు సన్నం, రెండు కండెలు జత చేసినదాని గొంతు లావు, మనకు రెండు కండెలదే కావాలి అని తేల్చాను.

"బామ్మర్దీ," అన్నాడు బావ, ఒళ్ళో పసుపు పూసిన పత్రికల కట్ట సర్దుకుంటూ, "పెండ్లి పిల్లగాణ్ణి గూడ నేను గింత సదివి సూడలే."

దుకాణం యజమాని ఒక ఆడమనిషి. భర్త చర్చిలో గిటార్ వాయించేవాడని, దుకాణం మాత్రం మొదటినుంచీ తనదేనని మాటల్లోనే చెప్పేసింది. గోడ నిండా గిటార్లు! నీలం, నలుపు, తేనె రంగు, పాల రంగు. పుస్తకంలో బొమ్మలుగా చూసినవన్నీ కొక్కేలకు వేలాడుతుంటే నాకు చేతులు నిలవలేదు. చెప్పులు బయట విప్పేశాను. విప్పమని ఎవరూ అనలేదు.

మొదట నేను బస్సులో తేల్చుకున్న రెండు కండెల నల్లది తీశాను. ఆవిడ దాన్ని స్టూలు పక్కనున్న చిన్న స్పీకరు పెట్టెకు తగిలించింది. వాయించాను. మెత్తగా, దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టు పలికింది. నీలందీ అంతే. తేనె రంగుదీ అంతే. ఒక్కొక్కటి తీసి, ఉయ్యాల పాట ఎత్తుకుని, మధ్యలోనే తల అడ్డంగా ఊపి తిరిగి ఇచ్చేస్తున్నాను.

"ఏందన్నా, పెండ్లిసూపులా? ఏ పిల్లనూ ఖాయం జేస్తలేవు," అంది ఆవిడ.

"ఏదీ మా పాతదాని తీరు లేదక్కా. దానిది గీ మెత్తటి గొంతు గాదు. ఊరవతలికి ఇనొస్తది."

"తెచ్చినవు గద, వెట్టు మరి. నేను గూడ ఇంట ఆ గొంతు."

ఎర్రదాన్ని సంచిలోంచి తీసి అదే పెట్టెకు తగిలించాను. బావ చేతులు కట్టుకుని, 'ఇప్పుడు చూడండి' అన్నట్టు నిలబడ్డాడు. వాయించాను.

మెత్తగా పలికింది. మిగతావాటికన్నా ఇంకా నీరసంగా, జ్వరం వచ్చిన మనిషిలా.

నేను వైరు పీకి మళ్ళీ పెట్టాను. అదే గొంతు. బావ మొహం చూశాను, అతను నా మొహం చూశాడు.

"ఇంట్ల దేనికి పెట్టి వాయిస్తవన్నా?" అని అడిగింది ఆవిడ.

"ఇంట్ల దేనికీ పెట్టం. ఉత్తగనే వాయించుకుంట. బయటికి పోతే మైకు సెట్టు, హారన్లు."

"ఎన్నడన్న గిసొంటి పెట్టెకు పెట్టినవా?"

ఎప్పుడూ పెట్టలేదు! ఆ నిమిషం నాకు సిగ్గు వేయాల్సింది. కానీ గ్రంథాలయంలో కండె సంగతి తెలిసిన రోజులాగే లేచి నిలబడ్డాను. ఇన్నేళ్ళూ నా గిటార్ గొంతు అనుకున్నది సగం హారన్‌దే. పుస్తకంలో చెక్క గురించి ఉంది, తీగ గురించి ఉంది, పికప్ గురించి ఉంది. ట్రాలీ ఆటో మీద హారన్ కట్టుకుని పాలకూర మడుల మధ్య నడిచే గిటార్ గురించి లేదు. ఆ పాఠం రాయాల్సి వస్తే మాలాంటివాళ్ళమే రాయాలి.

"హారన్ల సూడాలె అక్కా. అన్నిట్నీ మల్ల సూడాలె."

"హారన్లు నేను యాడికెల్లి తేవాలె?"

సరిగ్గా అప్పుడు రోడ్డు మీదినుంచి వినిపించింది: "ఉల్లిగడ్డలో, ఉల్లిగడ్డలు! ఎర్ర ఉల్లిగడ్డలు!" ఆటో మీద ఒంటి హారన్. బావ నా కన్నా ముందు రోడ్డు మీదికి దూకాడు.

ఉల్లిగడ్డల ఆయన మొదట ఒప్పుకోలేదు. "నా బ్యాటరీ దిగితే నా గడ్డలు నువ్వు కొంటవా?" అన్నాడు. బావ అతని చేతిలో పెళ్ళి పత్రిక పెట్టాడు. "నా బిడ్డ పెండ్లి అన్నా. మా బామ్మర్ది గిటార్ ఖాయం జేస్తలేడు, పెండ్లి ఆగేటట్టున్నది." ఆయన పత్రికను కళ్ళకు అద్దుకుని, జేబులో పెట్టుకుని, "అయితే నా గడ్డల ముచ్చట గూడ మీరే చెప్పాలె మైకుల," అని ఒప్పుకున్నాడు. మా వైరు పిన్ను అతని సెట్టులో మైకు తగిలించే చోట చక్కగా దిగింది.

ముందు ఎర్రది. అదిగో, అదే గొంతు! కోసుగా, బొంగురుగా, నాకు తెలిసిన గొంతు. చెప్పులు లేకుండా రోడ్డు పక్కన నిలబడి నవ్వాను. తర్వాత నల్లది. బస్సులో అంత సిద్ధాంతం చేసి తేల్చిన రెండు కండెలది హారన్‌లో కుయ్యిమని కూసింది. పక్క దుకాణం ముందు పడుకున్న కుక్క లేచిపోయింది. నీలంది బురదలో కాలు పెట్టినట్టు పలికింది. ఒక్కొక్కటీ ఆవిడే లోపలినుంచి మోసుకొచ్చి ఇస్తోంది. ఆవిడకూ ఉత్సాహం వచ్చేసింది. ఉల్లిగడ్డలకు వచ్చినవాళ్ళు బేరం మరిచి నిలబడ్డారు. "గది గాదు, ఇంతకుముందుదే మంచిగుండె," అని ఒక పెద్దమనిషి తీర్పు కూడా ఇచ్చాడు.

చివరికి గోడ మూలనున్న ఆకుపచ్చది తెచ్చింది. ఎవరూ అడగరట ఆ రంగు. నేను కూడా లోపల దాన్ని ముట్టుకోలేదు. ఒక కండె పికప్‌లు కాబట్టి బస్సులోనే వద్దని కొట్టిపారేసిన రకం. మెడలో వేసుకుని ఉయ్యాల పాట ఎత్తుకున్నాను. గొంతు సన్నమే, కానీ హారన్ దాన్ని పట్టుకుని రోడ్డు చివరికి విసిరింది. ఎర్రదానిలా లేదు. అదే నాకు ఇబ్బంది. వేళ్ళు పాత గాడుల కోసం వెతుక్కుంటున్నాయి, ఇక్కడ మెట్లన్నీ నున్నగా ఉన్నాయి. స్వరం లాగే చోటు వచ్చింది. పాత అలవాటు కొద్దీ బలంగా లాగాను. తీగ ఎక్కింది. ఇంకా ఎక్కింది. పైన నిలబడి ఊగింది. ఆరిపోలేదు! నేనే ఎప్పుడు దించాలో తెలియక అక్కడే ఉండిపోయాను. బావ ఉల్లిగడ్డల పెట్టెను తిరగేసి దరువు మొదలుపెట్టాడు. ఆ పెద్దమనిషి సంచి భుజాన వేసుకుని ఒక అడుగు వేశాడు, ఇంకో అడుగు వేశాడు.

"పాతదాని తీరు ఉన్నదా మరి?" అంది ఆవిడ గట్టిగా, దరువు మీదుగా.

"లేదక్కా. గిదే ఇయ్యి."

బావ మైకు తీసుకుని, ఇచ్చిన మాట ప్రకారం, మా బామ్మర్దికి గిటార్ ఖాయమైన శుభసందర్భంలో ఎర్ర ఉల్లిగడ్డలు కొనవలసిందిగా మహబూబ్‌నగర్ ప్రజలను కోరాడు. బస్సులో ఇంటికి వచ్చేదాకా ఆకుపచ్చది నా ఒళ్ళో ఉంది. ఎర్రది అతని ఒళ్ళో ఉంది. నేను ఈసారి పికప్‌ల గురించి ఏమీ చెప్పలేదు. హారన్‌ల గురించి చెప్పాను.

పెళ్ళి రోజు పొద్దున ఎదురుకోలు. అచ్చంపేట వాళ్ళ డీజే బండి కాలువ కట్ట దగ్గర ఆగింది. వాళ్ళ మోత నా పక్కటెముకల్లో దడదడలాడింది. పెళ్ళికూతురి తండ్రి కాబట్టి ఆ రోజు బావ డ్రమ్ము ముట్టకూడదు. పట్టుపంచె కట్టుకుని, చేతిలో పన్నీరు బుడ్డితో నిలబడి, వేళ్ళతో దాని మీదే దరువు వేస్తున్నాడు. వాళ్ళు పాట మార్చుకునే కాస్త సందులో నేను ఉయ్యాల పాట అందుకున్నాను. లాగాల్సిన చోట లాగాను. స్వరం ఎక్కి, వరి మడుల మీదుగా ఇళ్ళ వైపు వెళ్ళింది. మొదట అచ్చంపేట ముసలమ్మ ఒకామె చేతులు పైకెత్తింది. తర్వాత పెళ్ళికొడుకు మేనత్తలు. డీజే బండి మీది కుర్రాడు బటను మీద చెయ్యి పెట్టి, నొక్కకుండా మమ్మల్నే చూస్తూ ఉండిపోయాడు.

మండపం దగ్గరికి చేరాక నేను నేరుగా ఇంటి లోపలి గదిలోకి వెళ్ళాను. మేనకోడలు బుగ్గచుక్కతో, గంప పక్కన పీట మీద కూర్చుని ఉంది.

"ఇనొచ్చిందా బిడ్డా?"

"ఇనొచ్చింది. కొత్తది గద?"

"ఎట్ల తెలిసె?"

"గొంతు ఎంత మంచిగున్నది మామా! పాతది బొంగురుండేది. అమ్మకూ తెలుసు, నాయినకూ తెలుసు. నువ్వు బాధపడ్తవని ఎవ్వరం చెప్పలే."

గుమ్మం దగ్గరున్న బావ వైపు తిరిగాను. అతను పన్నీరు బుడ్డి మూత చాలా శ్రద్ధగా బిగిస్తున్నాడు.

"నీకు గూడ తెలుసా బావా? మరి మహబూబ్‌నగర్ల అదే గొంతు గావాలని గన్ని గిటార్లు ఎతుకుతుంటే?"

"నీ మొకం సూస్తే చెప్పబుద్ధి గాలే," అన్నాడు బావ.

నాకు కోపం రావాలి. రాలేదు. ఎర్రదానిది బొంగురు గొంతే, నాకూ తెలుసు, నాకు నచ్చిందీ ఆ బొంగురే. కానీ బయట ఎవరో ఇంకా ఉయ్యాల పాట ఈలవేస్తున్నారు, పైన నిలిచే ఆ స్వరాన్ని అందుకోవాలని చూసి మధ్యలో జారిపోతున్నారు. ఎర్రదాని మీద నేనూ చాన్నాళ్ళు అక్కడే జారిపోయాను. నేను గంప అందుకోవడానికి వంగాను. ఆకుపచ్చది ముందుకు ఊగి గంప అంచుకు ఠంగుమని కొట్టుకుంది. మెడలోంచి తీయడమే మరిచిపోయాను.

"దాన్ని జర పక్కన పెట్టు మామా," అంది పెళ్ళికూతురు, గంపలో సర్దుకుని కూర్చుంటూ. "ముందు నన్ను మొయ్యి."