గోలుపోస్టు దగ్గర నిమ్మకాయలు

అబుదాబీ కాలేజీ అమ్మాయిల ఫుట్‌బాల్ లీగ్‌లో మా అమూల్య గోల్‌కీపర్. ఈ సీజన్‌లో వాళ్ల జట్టు ఆడినవన్నీ ఓడింది. ఆ ఫలితాలను మా తెలుగు సంఘం వాట్సాప్ గ్రూపులో ప్రకటించే బాధ్యత, ఎవరూ అడక్కుండానే నేను నెత్తికెత్తుకున్నాను. "ఎండ కళ్లలో కొట్టింది", "రిఫరీకి చూపు మందం" అని రాసేవాణ్ని. వెళ్లి చూసింది మాత్రం ఒక్కటీ లేదు. ఆడలేక మద్దెల ఓడు అంటారు కదా, మా ఇంట్లో ఆడేది పిల్ల, మద్దెలను తిట్టేది నేను.

చివరి మ్యాచ్ ముందురోజు అమూల్య అడిగింది.

"నాన్నా, ఒక్క మ్యాచ్‌లో కూడా గోల్ పడకుండా ఆపలేకపోయాను. రేపైనా ఆపాలి. వచ్చి చూడవా?"

వస్తానన్నాను. కానీ నా భయం నాది. వంటింట్లోంచి రెండు నిమ్మకాయలు జేబులో వేసుకున్నాను. ఆట మొదలవకముందే వెళ్లి అమూల్య నిలబడే గోలు వెనక, వల కింద దూర్చి వచ్చాను.

నా భార్య చాముండేశ్వరి చూడనే చూసింది. "కొత్త కారుకైతే టైర్లతో తొక్కించారు. ఇక్కడెవరు తొక్కుతారండీ?"

సగం ఆట దాకా గోల్ పడలేదు. ఆ ఘనతంతా నాదేనని పొంగిపోయి గ్రూపులో పెట్టేశాను కూడా. ఈలోగా జట్లు అటువి ఇటు, ఇటువి అటు మారాయి. క్రికెట్ తప్ప మరో ఆట ఎరగని బుర్రకు ఆ సంగతి ఎక్కేసరికి ఆట ముగియవచ్చింది. అంటే ఇంతసేపూ నా నిమ్మకాయలు అవతలి జట్టును కాపాడుతున్నాయి!

బొజ్జను మోసుకుంటూ మైదానం చుట్టూ పరిగెత్తాను. నిమ్మకాయలు అందాయో లేదో, సెక్యూరిటీ గార్డు జమీర్ భుజం పట్టుకున్నాడు.

"క్యా కర్ రహే సాబ్? యల్లా, బాహర్!" అంటూ బయటికి దారి చూపించాడు.

"నీంబూ భాయ్, నీంబూ..." అని నేను నసుగుతుండగా జనం హోరెత్తారు. తిరిగి చూసేసరికి అమ్మాయిలంతా అమూల్య మీద పడి గంతులేస్తున్నారు. విజిల్ మోగింది. గోల్ లేకుండా డ్రా.

అమూల్య చెమటలు కక్కుతూ పరుగెత్తుకొచ్చింది. "నాన్నా, ఆఖర్లో పెనాల్టీ ఆపాను! చూశావా?"

చూశానని నోటిదాకా వచ్చింది. చేతిలో నిమ్మకాయలున్నాయి.

"లేదమ్మా. నీ మీద నమ్మకం లేక వీటికోసం పోయాను."

అమూల్య ఓ నిమ్మకాయ లాక్కుని పంటితో కొరికింది. నీళ్ల సీసాలోకి పిండుకుని గటగటా తాగింది.

"పెనాల్టీ ఎలా ఆపానో అమ్మ చెప్తుందిలే," అంది మూతి తుడుచుకుంటూ. "గ్రూపులో కూడా ఈసారి అమ్మనే రాయమను."