అల్లుడి పేరెత్తిన వెరుమె

వెరుమె నోటి సంగతి మా ఏటి ఒడ్డంతా తెలుసు. సాగో చెట్టు దుంగ కొట్టి పిండి తీసేచోట ఆమె ఒక్కతే ఉన్నా పదిమంది ఉన్నంత గోల. అలాంటి మనిషి ఇరవై ఏళ్లుగా అల్లుడి పేరు మాత్రం పలకలేదు. మా ఇమరు వాళ్లలో అత్త అల్లుడి పేరెత్తకూడదు, ఆ పేరును తలపించే మాటలూ అనకూడదు. అన్నదా, పెంచిన పందిని కోసి అతని వాళ్లకు పెట్టాల్సిందే. అల్లుడి పేరు బ్రూవ. పెదాలు బిగించి బుర్రుమని అదిరిస్తే గానీ పలకదు.

మా మాటలు రాసుకోవడానికి సెలీనా అనే పట్నం అమ్మాయి వచ్చినప్పుడు, మాటకారి అని వెరుమెనే కూర్చోబెట్టారు. మూడు వారాలు వక్క నములుతూ చెప్పింది మహాతల్లి!

చివరి రోజు సెలీనా అందరినీ పిలిచింది. "నీళ్లు, నిప్పు, పాము, తల్లిపాలు... వీటికి పెద్దమ్మ చెప్పినవన్నీ అవతలి ఒడ్డు కాసువ వాళ్ల మాటలే. మీది కాసువలో ఒక యాస అని రాయాల్సి వస్తోంది. అప్పుడు బడికి కూడా వాళ్ల పుస్తకమే వస్తుంది."

అప్పుడు గానీ వెరుమెకు తట్టలేదు. బుర్రుమనే మాట వచ్చిన చోటల్లా, మా అత్తలంతా చేసినట్టే, కాసువ మాట అరువు తెచ్చి చెప్పేసింది. అలవాటు అలాంటిది మరి, తప్పని తోచనే లేదు.

"అవి మా మాటలు కావు, అసలువి మేం చెప్తాం!" అని మగవాళ్లు లేచారు.

విందామని అవతలి ఒడ్డు నుంచి వచ్చిన కాసువ పెద్ద టోంబె పకపకా నవ్వాడు. "పుస్తకం పోతోందని ఇప్పుడు కల్పిస్తున్నారా? చెప్పిన ముసలమ్మనే అనమనండి!"

తన మనవరాలు బడిలో పరాయి మాటల్లో అక్షరాలు దిద్దడమా? వెరుమెకు ఒళ్లు మండిపోయింది. ఎప్పటిలాగే ఆమెకు వీపు చూపించి కూర్చున్న అల్లుడి వైపు తిరిగింది.

"ఒరేయ్ బ్రూవా! ఇటు చూడరా!"

ఊరు నోరెళ్లబెట్టింది.

"పోతే పోయింది పంది! రాసుకోవే అమ్మాయ్! నీళ్లు, బ్రూ! నిప్పు, బ్రాస! పాము, బ్రిమె!" ఎర్రటి తుంపర్లు సెలీనా కాగితాల మీద పడ్డాయి. పిల్లలు బుర్రుమంటూ గెంతారు. "ఏయ్ టోంబె, నీ భాషే అయితే నువ్వూ అను, చూద్దాం!"

టోంబె బుగ్గలు ఉబ్బించాడు. పూ, పూ అని గాలి తప్ప ఏమీ రాలేదు. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు.

"ఈ ధ్వని కాసువలో లేనే లేదు!" సెలీనా గంతేసినంత పని చేసింది. "నేను, నువ్వు అనే మాటలు కూడా వాళ్లవాటితో కలవక తల పట్టుకున్నాను. ఇది యాస కాదు పెద్దమ్మా, వేరే భాషా కుటుంబమే!"

వెరుమె ఆనందం ఇంతా అంతా కాదు. సాయంత్రం పందిని కోస్తుంటే మాత్రం బావురుమంది. చేతి ముద్దలు పెట్టి పెంచుకుంది దాన్ని.

బ్రూవ పక్కన వచ్చి కూర్చున్నాడు. "అత్తా, నా పేరు నీ నోట ఎంత బాగుందో! ఇంకోసారి అనవా?"

"నోర్ముయ్! ఇంకో పందిని ఎక్కడ తేను?"

మర్నాడు పొద్దున్నే ఆమె మెట్ల కింద ఒక పందిపిల్ల కట్టేసి ఉంది. వెరుమె దాన్ని ఒళ్లోకి తీసుకుని, అల్లుడి ఇంటివైపు ఊరంతా వినపడేలా కేకేసింది.

"బ్రూవా! దీనికి మేత ఎవడు తెస్తాడ్రా?"